బయలమ్మ బయలుకు పటం

ఎబినేజర్ చేతిరాత గొప్పది, తలరాత సంగతే చెప్పలేం. ఇల్లందులో బొగ్గుబాయి సర్వే సెక్షన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నన్నాళ్ళూ, అతను గీసిన గీత మీద చీమ నడిస్తే పక్కకు తూలేది కాదని చెప్పుకునేవాళ్ళు. తర్వాత పైవాళ్ళు గోల్డెన్ షేక్‌హ్యాండ్ అని ఒకటి ఇచ్చి ఇంటికి పంపారు. గోల్డు ఎటు పోయిందో తెలియదు గానీ, షేకు మాత్రం హ్యాండులో మిగిలిపోయింది. యాభై దాటిన ఆ చెయ్యి టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతుంది, పెన్సిలు పట్టుకుంటే వణకదు. “అట్లయితే టీ గూడ పెన్సిలుతోనే తాగు” అంటుంది అతని భార్య ఫ్లోరెన్స్. వీధిలో సగం మందికి జాకెట్లు కుట్టే మనిషి కాబట్టి, మాటలు కత్తిరించడం ఆమెకు అలవాటు.

ఎబినేజర్ అంటే ‘సహాయపు రాయి’ అని అర్థం. పాస్టరుగారు పెట్టిన పేరు. హద్దురాళ్ళ మధ్య బతకబోయే పిల్లాడని ఆయనకు ముందే తెలిసినట్టుంది. రాయి మాట నిజమే, ఒకచోట కూర్చుంటే కదలడు. సహాయం మాట తేలాలంటే ఎవరైనా వచ్చి అడగాలి కదా. 2009 ఎండాకాలంలో ఒకతను వచ్చి అడిగాడు.

అతని పేరు వీరబాబు. అడవి అంచున ఇప్పలగుంపు అనే కోయగూడెం అతనిది. అక్కడి బడిలో విద్యా వాలంటీరు, అక్కడి అటవీ హక్కుల కమిటీకి కార్యదర్శి. రెండిట్లోనూ జీతం అంతంతే, పని మాత్రం అనంతమే.

“సార్, మా జాతర బయలుకు పటం గీయాలె” అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

“పటమంటే? ఫ్రేము కట్టించి గోడకు తగిలేసేదా?”

“కాదు సార్, మ్యాపు. కొత్త చట్టం వచ్చింది గదా. అడవిల ఊరంత ఉమ్మడిగ వాడుకునే జాగ ఉంటే, దాని మీద హక్కు ఊరికే రాసిస్తరట. అయితే ఎవరు, ఎప్పటి సంది, దేనికి వాడుకుంటున్నరో జూపెట్టాలె. తాతల కాలం కాంచి ఇప్పటి దాంక.”

“జూపెట్టకపోతే?”

“ఫారెస్టోళ్ళ నీలగిరి చెట్ల ప్లాంటేషనట సార్. పక్క గుట్ట దాంక గుంతలు వచ్చినయ్. వానలు పడంగనే మా బయలే.”

నేల పోయి నీల వస్తుందన్నమాట అని ఎబినేజర్ మనసులో అనుకున్నాడు. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

“ఇన్నేండ్లు భూమి కింద కొలిచినవ్, ఇగ పైన గూడ కొలుస్తవా?” అంది ఫ్లోరెన్స్. “మనింటి కిటికీ కొలిచి పరదాకు గుడ్డ తెమ్మంటే జానెడు తక్కువ తెచ్చినవ్. ఇవ్వాళ్టికి మనం అన్నంల ఏం కలుపుకుంటున్నమో ఎదురింటాయన చెప్తడు.”

“గుడ్డ కొలత వేరు, గడ్డ కొలత వేరు.”

“అవ్, రెండు ఇచ్చినా చింపుతవ్. సర్లే, పో. పాపం ఎండలొచ్చిండు పిలగాడు. ఆదివారం చర్చి టయానికి మాత్రం ఇంట్ల ఉండాలె.”

అట్లా ఎబినేజర్ పాత గొలుసు, టేపు, లైను చూసే కర్ర, ట్రేసింగ్ కాగితాల చుట్ట పట్టుకొని బస్సెక్కాడు. బస్సు దిగి వీరబాబు బండెక్కాడు. బండి దిగి వాగు దాటాడు. దాటి బయలు చూసి నోరు తెరిచాడు.

ఇప్పచెట్లు గుండ్రంగా నిలబడి ఉన్నాయి. మధ్యలో విశాలంగా బయలు. అంతే. గుడి లేదు, గద్దె లేదు, ఒక గుంజ లేదు. ఎబినేజర్ తన జన్మలో చూసిన జాతర జాగల్లో తెగిన చెప్పులు, కోడి ఈకలు, ప్లాస్టిక్ గ్లాసులు ఏడాది పొడుగునా కనబడేవి. జాతర పోయినా చెత్త పోయేది కాదు. ఇక్కడ ఒక బీడీ ముక్క కూడా లేదు.

“వీరబాబూ, నన్ను వేరే జాగకు తోలుకరాలేదు గదా?”

“గిదే సార్” అని వీరబాబు ఒక ముసలాయన్ని చూపించాడు. “మా బొజ్జయ్య తాత. బయలమ్మ పూజారి. తాతనే చెప్తడు.”

బొజ్జయ్య బయలులోకి రాలేదు. ఇప్పచెట్టు నీడలోనే గొంతుక్కూర్చొని చెప్పాడు. పేరుకు బొజ్జయ్యే గానీ బొజ్జ అనేది ఆయన వంటి మీదికి ఎన్నడూ వచ్చినట్టు లేదు.

“రెండేండ్లకోసారి మాఘంల అమ్మ మా ఇంట్ల నుంచి బుట్టల బయలెల్లుతది సారూ. ఈడ మట్టితోని గద్దె ఏస్తం. చుట్టుపక్క ఊర్లన్ని వస్తయ్. పున్నం దాంక ఉండి అమ్మ మళ్ళ ఇంటికొస్తది. అప్పుడు బయలు అప్పజెప్పాలె.”

“అప్పజెప్పుడంటే?”

“గద్దె చదును చేస్తం. గుంజలు పీకి బొందలు పూడుస్తం. పొయ్యిరాళ్ళు, బూడిద అన్ని వాగుల కలుపుతం. ఆడోళ్ళు ఆకుల చీపుర్లతోని ఊడ్సుకుంట, ఎనకకెనకకు నడుసుకుంట బయటికొస్తరు. మా అడుగు గూడ మిగలొద్దు. మళ్ళ జాతర దాంక దాంట్లకు మనిషి పోడు, మ్యాక పోదు.”

“ఎందుకట్ల పెద్దయ్యా?”

బొజ్జయ్య అతన్ని వింతగా చూశాడు. “అమ్మది గద సారూ. అడుక్కొని వాడుకున్నది ఎట్లిస్తరు? పక్కింటోళ్ళ గంజు తెచ్చుకుంటే కూర అంటుకున్నదాన్ని అట్లనే తిరిగి ఇస్తరా? తోమి ఇయ్యరా?”

ఎబినేజర్‌కు ఆ మాట ఎంత నచ్చిందో అంత గుబులు పుట్టించింది. వాడుకున్న గుర్తులు చూపించమంటుంది చట్టం. గుర్తు మిగలకుండా వాడుకోమంటుంది అమ్మ. ఆ రెండిటి నడుమ గొలుసు పట్టుకొని తను. సర్వే జనాః సుఖినోభవంతు అన్నారు గానీ, సర్వే చేసే జనం సుఖం గురించి ఎవరూ అనలేదు.

పైగా చట్టానికి ఒక ఆధారం చాలదు. పెద్దమనుషుల నోటిమాట ఒకటైతే, దానికి తోడు ఇంకొకటి కావాలి. కాగితం లేదు. ఫోటో లేదు, బయలులో ఫోటో తీయనివ్వరు. ఇక మిగిలింది నేల ఒక్కటే. నేల మీద కంటికి కనబడే గుర్తు ఏదైనా ఉండాలి.

బొజ్జయ్య గింజలు పట్టి అమ్మను అడిగాడు, జతగా పడితే అమ్మ సరేనన్నట్టు. చెప్పులు విడిచి పొమ్మని సెలవు వచ్చింది. ఎబినేజర్ చెప్పులు విడిచి, మిట్టమధ్యాహ్నం ఆ నేల మీద గొలుసు పరిచాడు. కాలు కాలినా కాలం కొలవక తప్పదు. గూడెం పిల్లలు ఒడ్డున నిలబడి నవ్వి, ఆ సాయంత్రానికే గొలుసు సారు అని పేరు పెట్టేశారు. చూడబోతే గూడెంవాళ్ళూ కొలిచేవాళ్ళే, తనూ కొలిచేవాడే. వాళ్ళు తల్లిని, తను తలాన్ని.

ఇక కాలం కొలిచే పని పుల్లమ్మ అరుగు మీద జరిగింది. పుల్లమ్మ ఊడ్చే ఆడవాళ్ళకు పెద్ద. మాట కూడా చీపురు లాంటిదే, ముందు ఎవరున్నా చూడదు. అరుగు మీద ఎబినేజర్ ట్రేసింగ్ కాగితాలు పరిచి, ఒక్కో కాలానికి ఒక్కో కాగితం అన్నాడు. కాలం అంటే అంకెలు కాదు. కరువుల గడ్డలు తవ్వుకొని తిన్న కాలం, గోదారి పెద్దొరద కాలం, కరెంటు బుగ్గ వచ్చిన కాలం. ఏ కాలంలో ఎవరు ఎక్కడ దిగారు, బండ్లు ఎక్కడ విడిచారు, కొట్లు ఎక్కడ పెట్టారు. తండా నుంచి మిఠాయి అమ్మే తుల్సీరాంను కూడా పిలిపించారు. తండ్రి కాలం నుంచీ ఈ జాతరకు వస్తున్న లంబాడీ మనిషి.

“నా కొట్టు ఆ పెద్ద ఇప్పచెట్టు ముందల” అన్నాడు తుల్సీరాం.

“ఎప్పుడుందిరా ఆడ నీ కొట్టు?” పుల్లమ్మ అందుకుంది. “ఆడ ఎడ్లబండ్లు ఇడిసేటోళ్ళు. నీ మిఠాయి ఏస్తే ఎడ్లు గూడ మూతి తిప్పుకునేటియి.”

“ముసలెడ్లకు పండ్లు లేకుంటే మిఠాయిది తప్పా అక్కా? పెద్దొరదకు అటుదిక్కు వాగు ఒడ్డు కోసుకపోలేదా? బండ్లు ఇటు దిగుడు బందయింది. అప్పటి సంది నా కొట్టు ఆడనే.”

పుల్లమ్మ కాసేపు ఆలోచించింది. “అవ్‌రో. వరదకు ముందల బండ్లు, వరద తర్వాత మిఠాయి. రాస్కో సారూ. నాలుగు తిట్లు తింటె గాని వీనికి నిజం యాదికి రాదు.”

అట్లా తిట్ల మీద తిట్లు, కాగితం మీద కాగితం పెరిగాయి. ఎడ్లబండ్లు జరిగాయి, గాజుల కొట్లు జరిగాయి, కరెంటు బుగ్గతో పాటు రంగులరాట్నం వచ్చి చేరింది. ఒక్కటి మాత్రం ఏ కాగితంలోనూ జరగలేదు. పొయ్యిలు. ఏ ఊరి పొయ్యి ఏ దిక్కున పెట్టాలో తాతలనాడు అమ్మ చెప్పిందట, దాన్ని జానెడు జరిపే ధైర్యం ఎవరికీ లేదు. ఎబినేజర్ కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఎండకు ఎత్తి చూశాడు. అన్ని కాలాల పొయ్యిలూ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

అతని చెయ్యి వణికింది. ఈసారి పెన్సిలు ఉండగానే వణికింది.

“వీరబాబూ! ఒక్క జాగల తరతరాలు మంట పెడితే కింద మట్టి ఏమైతది?”

“కాలుతది సార్.”

“కాలి ఇటిక లెక్క ఎర్రగైతది. పైన ఎంత ఊడ్చినా అది పోదు! ఇన్నొద్దులు బయలు మీద వెతికిన. కింద వెతకాలె.”

తవ్వాలి అనగానే బొజ్జయ్య ముఖం మాడింది. గింజలు పట్టాడు, పడలేదు. వీరబాబు బతిమిలాడితే మళ్ళీ పట్టాడు. చాలాసేపటికి, “గిచ్చినంత తవ్వుకో సారూ” అన్నాడు. ఎబినేజర్ తవ్విన ప్రతిచోటా ఆయన వెనకే నిలబడ్డాడు. గునపం దిగినప్పుడల్లా సూదిమందు పొడిపించుకునే పిల్లాడిలా కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిస్తే ఎర్రమట్టి కనబడింది. కమిలి, గట్టిపడి, నడుమ బొగ్గు పొరలతో, పటంలో ఎక్కడ పొయ్యి ఉందో సరిగ్గా అక్కడ. గుంజలు నాటిన చోట్ల మట్టి మెత్తగా వేరే రంగులో గుండ్రంగా దిగి ఉంది. ఎబినేజర్ ఒక్కో గుంత చుట్టూ సున్నంతో గీత పోసి, పక్కన ఎర్రగుడ్డ జెండా పాతాడు. ఇన్నాళ్ళ ఉద్యోగంలో భూమి కింద ఎంత బొగ్గు చూశాడో లెక్క లేదు. పిడికెడు బొగ్గును చూసి ఇంత సంతోషపడటం మాత్రం ఇదే మొదలు.

ఎంక్వయిరీకి అధికారులు బేస్తవారం వస్తున్నారని కబురు వచ్చింది. ఎబినేజర్ ఫ్లోరెన్స్‌కు మాట ఇచ్చాడు కాబట్టి శనివారం ఇల్లందుకు బయలుదేరాడు. పోయేముందు అందరినీ నిలబెట్టి చెప్పాడు.

“ఒక్క జెండ ముట్టొద్దు. ఒక్క గుంతల మట్టి పడొద్దు. సార్లు వాళ్ళ కండ్లతోని చూడాలె.”

“మేము బయలుల అడుగే పెట్టము గద సారూ” అన్నాడు బొజ్జయ్య.

ఆ మాటకు ఎబినేజర్ నిశ్చింతగా బస్సెక్కాడు. ఆదివారం చర్చిలో పాటలు మామూలు కంటే గట్టిగా పాడాడని ఫ్లోరెన్స్ మోచేత్తో పొడవాల్సి వచ్చింది.

బేస్తవారం పొద్దున అధికారుల జీపు ఇల్లందు మీదుగానే పోతూ అతన్ని ఎక్కించుకుంది. వెనకాల ఇంకో బండిలో అడవి కాపలా వాచర్లు. ఫారెస్టు రేంజరు సారు కృష్ణా జిల్లా వైపు మనిషి. బీపీ ఉంది, టిఫిన్ డబ్బాలో ఉప్పు లేని పెరుగన్నం ఉంది. దారంతా ఆయన ఎబినేజర్ గీసిన పటాన్ని ఒళ్ళో పరుచుకొని శ్రద్ధగా చూశాడు. “భలే గీశారండీ! ఇట్లాంటి డ్రాఫ్టింగు చూసి ఎన్నాళ్ళయిందో” అన్నాడు. పక్కన రెవెన్యూ సారు చేతిలో జీపీఎస్ యంత్రం. మంచి మనుషులే ఇద్దరూ. ఒక్క చెడ్డవాడైనా ఉంటే బాగుండేదని ఎబినేజర్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు, తిట్టుకోవడానికైనా ఒకడు దొరికేవాడు.

వాగు దగ్గర డోలు చప్పుడు వినబడింది. ఊరంతా స్నానాలు చేసి, ఉన్నంతలో కొత్తబట్టలు కట్టుకొని వచ్చారు. ఆడవాళ్ళు బిందెలతో సార్ల కాళ్ళ మీద నీళ్ళు పోశారు. జీపు దిగింది, జీపీఎస్ దిగింది, అందులో ఒక్క ‘యెస్’ దిగితే చాలని ఎబినేజర్ ఉషారుగా ముందు నడిచాడు. ఇప్పచెట్లు దాటాడు.

దాటి ఆగిపోయాడు.

బయలు అద్దంలా ఉంది. గుంతలు లేవు. సున్నం లేదు. జెండాలు లేవు. ఇప్పచెట్టు నుంచి ఇప్పచెట్టు దాకా, చీపురు గీతలు నీళ్ళ మీది అలల్లాగా ఒకే తీరుగా ఉన్నాయి. ఒక్క ఎండుటాకు లేదు.

పుల్లమ్మ వచ్చి అతని చేతిలో ఒక మూట పెట్టింది. “మీ జెండలు సారూ. మట్టిబట్టినయని ఉతికిన.” ఉతికి, ఆరేసి, మడతపెట్టి, పైన దారం కట్టింది.

ఎబినేజర్ బొజ్జయ్య వైపు తిరిగాడు. “పెద్దయ్యా... ముట్టొద్దని చెప్పిన గదా?”

“చెప్పినవ్ సారూ” అన్నాడు బొజ్జయ్య, ఏ తప్పూ చేయని మనిషి గొంతుతో. “వీరబాబు గూడ అడ్డంపడ్డడు. మా మీద అలిగి అన్నం గూడ తినలే. మేం గూసొని మాట్లాడుకున్నం. పెద్ద సార్లు అమ్మ ముంగటికొస్తున్నరు. ఒంటినిండ గాయాలు పెట్టుకొని అమ్మ ఎట్ల ఎదురొస్తది? ముందుగాల గాయాలు కడిగి పూడ్చినం. మంటమట్టి, బొగ్గు ఒక్క పెళ్ళ మిగలకుంట గీకి వాగుల కలిపినం. అమ్మను తప్పయిందని మొక్కినం.”

“పెద్దయ్యా, ఆ మట్టే గదా మనకు...”

“ఒక్క మాట చెప్పు సారూ. ఇంత మంచిగ సూసుకునేటోళ్ళ జాగ ఎవ్వడన్న గుంజుకుంటడా? సార్లకు కండ్లుంటయ్ గదా.”

ఎబినేజర్ చేతిలోని మూట దారం బిగించాడు. నిజానికి లోకంలో ఆ ప్రశ్నకు జవాబు ఉండకూడదు. వీరబాబు దూరంగా చెట్టుకు ఆనుకొని నేల చూపులు చూస్తున్నాడు.

రేంజరు సారు చెప్పులు విడిచే బయలులోకి వచ్చాడు. చుట్టూ చూసి, పటం చూసి, మళ్ళీ చుట్టూ చూశాడు.

“ఎబినేజర్ గారూ, పటంలో ఇక్కడ పొయ్యి అని ఉంది.”

“ఉందండి. మొన్న ఇక్కడ గుంత తవ్వి పెట్టిన. మళ్ళ తవ్వి చూపిస్త.”

“తవ్వితే ఏం కనబడుతుందండీ? మొన్న వీళ్ళు పూడ్చిన మట్టి.” ఎగతాళి లేదు ఆయన గొంతులో, జాలి ఉంది. “పూడ్చిన మట్టిని నేను పాత ఆధారం అని రాయలేను కదా.”

“సార్, అడవి నడుమ ఇంత జాగల ఒక్క చెట్టు మొలవలేదు, ఒక్క ఆకు లేదు. అదే గుర్తు కాదా? ఈ ఖాళీ ఊరికే రాలేదు. వీళ్ళు ఖాళీ చేస్తేనే ఖాళీ అయింది. వీళ్ళకు ఈ ఖాళీయే కాళి.”

రెవెన్యూ సారు నవ్వాడు. మాట బాగుందని నవ్వాడు. బాగున్న మాటకు కాగితంలో గడి ఉండదు.

“ఊరివాళ్ళనే అడుగుదాం” అని రేంజరు సారు పుల్లమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, ఈ స్థలంలో మీరు ఏమేం చేస్తుంటారు? పశువులు మేపుతారా?”

“అయ్యో, మ్యాకను గూడ తొక్కనియ్యం సారూ.”

“ఇప్పపువ్వు ఏరుకుంటారా?”

“బయలుల పడ్డది ముట్టం. బయట పడ్డదే ఏరుకుంటం.”

“కట్టెలు, వరి కుప్పలు, ఇంకేదైనా?”

“ఏం చెయ్యం సారూ!” పుల్లమ్మ నిటారుగా నిలబడింది. “జాతర అయినంక మళ్ళ జాతర దాంక ఊరోళ్ళం ఒక్కలం అడుగు పెట్టం. మా అత్త కాలంల పెట్టలే, మా కాలంల పెట్టలే. కావాల్నంటె ఎవ్వల్నన్న అడుగుండ్రి.”

ఊరంతా తలూపింది. ఎబినేజర్ ఆమె వైపు అడుగు వేశాడు. మేపుతామని చెప్పు అక్కా, ఒక్క మాట, ఏరుకుంటామని చెప్పు. నాలుక చివరి దాకా వచ్చింది. అబద్ధం చెప్పమని ఈ మనిషికి ఏ నోటితో చెప్పడం? చెప్పినా ఆమె చెప్పదు. రెవెన్యూ సారు రాసుకుంటూనే ఉన్నాడు. ఆమె గర్వంగా అన్న ఒక్కొక్క మాటా ఆయన చేతిలో ‘వాడుకలో లేదు’ అయిపోతోంది.

చివరకు పంచనామా చదివారు. స్థలము శుభ్రముగా, ఖాళీగా ఉన్నది. నిర్మాణములు, పొయ్యిలు, గుంజల ఆనవాళ్ళు కనబడలేదు. సంవత్సరము పొడవునా ఎవరూ ప్రవేశించరని గ్రామస్తులు తెలిపినారు. జాతర జరుగునని నోటిమాట మాత్రమే కలదు. ఎబినేజర్ ఒక్కో వాక్యంలో అబద్ధం కోసం వెతికాడు. దొరకలేదు. దొరికితే సంతకం పెట్టనని అనేవాడు.

“మీరు కూడా సాక్షి సంతకం చేయండి” అన్నాడు రేంజరు సారు. “కళ్ళతో చూసిందేగా.”

చేశాడు. సంతకం గీత వంకర పోయింది.

ఊరివాళ్ళు వరసగా వచ్చి వేలిముద్రలు వేశారు. వేసినవాళ్ళతో రేంజరు సారు, “ఇంత శుభ్రంగా ఉంచారు, చాలా సంతోషమయ్యా. ఇట్లా ఎక్కడా చూళ్ళేదు” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాట కోయలోకి మారి, వెనక వరస దాకా పాకి, ముఖాలు వెలిగిపోయాయి. ఎవరో డోలు మీద రెండు దెబ్బలు వేశారు.

ఎబినేజర్ రేంజరు సారును పక్కకు పిలిచాడు. “సార్, పైకి అప్పీలు ఉంటది గదా. అది తేలేదాంక పని ఆపుండ్రి. వచ్చే జాతరకు ఫోటోలన్నా...”

“అప్పీలు చేసుకోండి, నేను కాదనను. కానీ ఆపమని నాకు ఆర్డరు లేదండీ. వానలకు ముందు లైన్లు వేయించకపోతే నా మెడకు చుట్టుకుంటుంది.” ఆయన బయలు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. “ఇక్కడ పొదలు కొట్టే పని కూడా లేదు. వాళ్ళే చేసి పెట్టారు.”

అది విన్న వీరబాబు ఎదురు గుట్ట వైపు పరుగెత్తాడు. అది ఎక్కితే గానీ సెల్లుకు సిగ్నల్ అందదు. ఖమ్మంలో గిరిజన సంఘంవాళ్ళకు చెప్తాడేమో, వాళ్ళు ఇంకెవరికైనా చెప్తారేమో. ఎబినేజర్‌కు ఆ పరుగు చూడాలనిపించలేదు.

జీపు వెళ్ళిపోయింది. వాచర్లు మిగిలారు. ఒకతను ముడులు వేసిన పొడుగాటి తాడు విప్పుకుంటూ వచ్చాడు. ముడికొక గుంత.

“సార్, మీ కాడ లైను చూసే కర్ర ఉన్నట్టుంది గదా” అన్నాడు ఎబినేజర్‌తో మర్యాదగా. “జర చూసి చెప్తరా? మొన్న ఆ గుట్ట మీద వంకర పోయిందని సారు తిట్టిండు.”

ఎబినేజర్ కదల్లేదు. వాచరు చుట్టూ చూసి, దగ్గర్లో ఉన్నవాళ్ళతో, “ఈ కొస ఎవరన్న పట్టుకోండ్రి” అన్నాడు.

ఎవరో పట్టుకునేలోపు బొజ్జయ్యే వచ్చి అందుకున్నాడు. నేలకు తగలకుండా, రెండు చేతులతో, కళ్ళకు అద్దుకొని పట్టుకున్నాడు. తాడు సాగుతూ బయలు ఆ చివరికి పోయింది. చీపురు గీతల మీద వాచరు బూట్ల గుర్తులు పడుతుంటే ముసలాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. సర్కారు హద్దు వేస్తున్నప్పుడు ఆ మాత్రం తప్పదనుకున్నాడేమో.

“అమ్మ పేరు మీద హద్దు పడుతున్నదా సారూ?” అన్నాడు మెల్లగా. “మా నాయన ఉంటే చూసేటోడు.”

ఎబినేజర్ దగ్గరికి వచ్చాడు. చమత్కారంగా చెప్పడానికి ఒక్క మాట కూడా అతని దగ్గర మిగల్లేదు.

“పెద్దయ్యా, తాడు ఒదిలెయ్.”

“లూజైతది గద?”

“హద్దు కాదది. జాగ మనకు రాలే. నీలగిరి పెడ్తరు. ఆ తాడుకు ఉన్న ప్రతి ముడి కాడ ఒక గుంత తవ్వుతరు. ఈ కొస నుంచి ఆ కొస దాంక.”

బొజ్జయ్య చేతుల్లోని తాడు వైపు చూశాడు. ముడి, తర్వాత ముడి, దాని తర్వాత ముడి. చూపు ఆ చివర ఇప్పచెట్ల దాకా పోయింది. డోలు ఇంకా మోగుతూనే ఉంది. అంత దూరంలో పుల్లమ్మ ఏదో అని నలుగురు ఆడవాళ్ళను నవ్విస్తోంది.

“బయలంతనా?” అన్నాడు.

“అంత.”

ముసలాయన తాడు వదల్లేదు. పెదవులు కదులుతున్నాయి, మొక్కుతున్నాడనుకున్నాడు ఎబినేజర్. కాదు, ముడులు ఎంచుతున్నాడు. చూపు ఆననంత దూరం పోయాక లెక్క తప్పింది.

“నువ్వు కొలిచెటోనివి గద సారూ” అన్నాడు. “ఎన్ని గుంతలైతయో చెప్పు. పూడ్చటానికి ఎన్ని ఊర్ల ఆడోళ్ళను పిలవాల్నో ఇప్పుడే అనుకోవాలె.”